మిన్నెసోటా చలికాలంలో ఇంటివాళ్ల ఫోటోలు, ప్రకృతి ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లోనూ (ఇక్కడా జంటనగరాలే), పైన డులుత్ వైపూ ఉంటున్న తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలివి. ఎడ్మంటన్‌లోనో విన్నిపెగ్‌లోనో ఉన్నవాళ్లకూ చాలామటుకు పనికొస్తాయి. ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో ఇచ్చాం. ఇక్కడి వాతావరణ వార్తలతో పోల్చుకోవడానికి కావలసినచోట ఫారెన్‌హీట్ (ఎఫ్) పక్కన పెట్టాం. మైనస్ 40 దగ్గర రెండూ ఒకటే.

మంచులో తీసిన ఫోటోలన్నీ బూడిదరంగులో, మసకగా వస్తున్నాయి. కెమెరా పాడైందా?

పాడవలేదు. కెమెరా మీటరు ఎదురుగా ఏమున్నా అది సగటున నడిమి బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. తెల్లటి మంచు కనబడగానే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మంచు బూడిదవుతుంది, దాని ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లబడుతుంది.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కకు వెలుగు కలిపే, తగ్గించే సెట్టింగు) ప్లస్ వైపు తిప్పండి. ఫ్రేములో సగం మంచుంటే ప్లస్ 0.7 నుంచి 1. ముప్పావు వంతు ఉంటే ప్లస్ 1.3 నుంచి 1.7. మంచు తప్ప ఇంకేమీ లేకపోతే ప్లస్ 2 దాకా. ఇవి మొదలుపెట్టడానికే. తరవాత హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) చూడండి: గుట్ట కుడిగోడకు దగ్గరగా రావాలి, గోడెక్కకూడదు. ఎండ తగిలే మంచు అంచుల్లో నాలుగు చుక్కలు తెర మీద మినుకుమంటే (వెలుగు మితిమీరి వివరం పోయిందని కెమెరా హెచ్చరిక) ఫర్వాలేదు. మైదానమంతా మినుకుమంటే మూడోవంతు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తగ్గించండి. వెనక తెరను మాత్రం నమ్మకండి. ఎండలో, మంచు మధ్య అది చీకటిగా కనిపిస్తుంది, సాయంత్రం వేళ లేనిపోని వెలుగు చూపిస్తుంది.

ఫోనులోనైతే ముఖం మీద తట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపడమే.

ఇంట్లోకి రాగానే కాంపెన్సేషన్ సున్నాకి తిప్పడం అందరూ మరిచిపోతారు. ఆ సాయంత్రం పుట్టినరోజు కేకు ఫోటోలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడితే కారణం అదే.

మంచు సరిగ్గా తెల్లగా వచ్చింది, కానీ మా ముఖాలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఏం చేయాలి?

ఇంగ్లీషు గైడ్లలో ఇచ్చే అంకెలు చాలావరకు తెల్లటి చర్మం చూసి రాసినవి. చామనఛాయ ముఖం దాదాపు నడిమి బూడిదరంగంతే వెలుగును తిప్పి పంపుతుంది. మంచు దానికంటే రెండు స్టాపులు పైన ఉంటుంది. కాబట్టి స్పాట్ మీటరును (ఒక్క చుక్క మేరే వెలుగు కొలిచే పద్ధతి) చెంప మీద పెట్టి, కాంపెన్సేషన్ సున్నాతో, మాన్యువల్ మోడ్‌లో లాక్ చేయండి. ఇంకా ముదురు రంగైతే మైనస్ 0.5 దగ్గర పెట్టండి, లేకపోతే ముఖం పాలిపోయినట్టు వస్తుంది. మంచులో వివరం కొంచెం పోయినా ముఖమే ముఖ్యం. రా ఫైలుగా (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫోటో) తీస్తే ఆ రెండు స్టాపుల తేడాను సరిచేసుకోవడం కష్టమేమీ కాదు.

ఇంకో సులువైన పద్ధతి ఉంది. సూర్యుణ్ణి వాళ్ల వీపు వెనక పెట్టండి. నేల మీది మంచు పెద్ద రిఫ్లెక్టరులా కింది నుంచి వెలుగు కొడుతుంది. కనుగుంతల్లో నీడ పోతుంది, కళ్లు చికిలించుకోరు. ఎండకు ఎదురుగా నిలబెడితే మంచు మెరుపుకి పిల్లలు కళ్లు తెరవనే తెరవరు.

నీడలన్నీ నీలంగా ఉన్నాయి. తీసేయాలా?

అక్కర్లేదు. నీడలో మంచు మీద పడేది ఆకాశపు వెలుగు, అందుకే అది నిజంగానే నీలం. మొత్తం ఫోటోను పసుపు వైపు నెడితే ఎండలోని మంచు పాతకాగితం రంగుకి తిరుగుతుంది. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిదిద్దే సెట్టింగు) 5,500 కెల్విన్ దగ్గర ఉంచి, ముఖం మీద నీలం కనిపిస్తే అక్కడొక్కచోటే సర్దండి.

బ్యాటరీ నిండా ఛార్జ్ ఉందని చూపించింది, పావుగంటలో ఆగిపోయింది. ఎందుకు?

లిథియం అయాన్ బ్యాటరీలో చలికి రసాయన చర్య నెమ్మదిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఛార్జ్ లోపలే ఉంటుంది, బయటికి రాదు. జేబులో పెట్టి వెచ్చబరిస్తే మళ్లీ పనిచేస్తుంది. అందుకే రెండు బ్యాటరీలు లోపలి చొక్కా జేబులో, ఒంటికి తగిలేలా ఉంచుకుని, కెమెరాలోది నీరసించగానే మార్చుతూ పోవాలి. మైనస్ 20 (మైనస్ 4 ఎఫ్) కంటే దిగితే మూడు ఉంచుకోండి. కోటు పైజేబు పనికిరాదు, అది కూడా బయటి చలే.

చల్లగా ఉన్న బ్యాటరీని ఇంటికి రాగానే ఛార్జర్‌లో పెట్టకండి. సున్నా డిగ్రీల కంటే తక్కువ వేడిలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. గంట ఆగండి.

ఫోన్లూ ఇంతే. ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పే ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మైనస్ 15లో చేతిలో పట్టుకుని వీడియో తీస్తుంటే 40 శాతం దగ్గరే ఆరిపోవచ్చు. తీయడం, జేబులో పెట్టడం, మళ్లీ తీయడం: అలా వాడుకోవాలి.

కెమెరా మాన్యువల్‌లో 0 నుంచి 40 డిగ్రీలు అని ఉంది. మైనస్ 25లో వాడితే పాడవుతుందా?

ఆ అంకె కంపెనీ హామీ ఇచ్చే హద్దు. వాటికంటే ఎంతో దిగువన కూడా కెమెరాలు పనిచేస్తూనే ఉంటాయి. తెర బద్ధకంగా కదులుతుంది, జూమ్ రింగు బిగుస్తుంది, ప్లాస్టిక్ మూతలూ కేబుళ్లూ పెళుసెక్కుతాయి. వంగే తెరను మైనస్ 25లో విసురుగా లాగకండి. మామూలు చలికాలపు రోజుకి ఇంతకుమించి భయం లేదు. ఈ రాష్ట్రంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 51 (మైనస్ 60 ఎఫ్), 1996 ఫిబ్రవరి 2న, టవర్ ఊరి దగ్గర. అలాంటి రోజున కెమెరా సంగతి తరవాత, మనమే బయటికి వెళ్లకూడదు.

ఇంట్లోకి రాగానే లెన్సు చెమర్చింది, లోపల కూడా మసకేసింది. ఎలా ఆపాలి?

చలికాలంలో కెమెరాలు పాడయ్యేది చలికి కాదు, ఈ చెమ్మకి. ఇంట్లో 20 డిగ్రీలు, గాలిలో తేమ 40 శాతం ఉందనుకోండి. 6 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పడతాయి. కుక్కర్ మూడు కూతలు కూసి, పక్క పొయ్యి మీద సాంబారు మరుగుతుంటే తేమ 55 శాతం దాకా పోతుంది. అప్పుడు ఆ హద్దు 10, 11 డిగ్రీలకు పెరుగుతుంది. మైనస్ 20 నుంచి వచ్చిన లెన్సు వాటికి ఎంత దిగువన ఉందో చూడండి. మన వంటింట్లో ఆరిపోవడానికి పట్టే సమయం కూడా ఎక్కువే.

చేయాల్సిన పని బయటే చేయాలి. తలుపు తీయకముందే మెమరీ కార్డు, బ్యాటరీ తీసి జేబులో వేసుకోండి. కెమెరాను రెండు గాలన్ల జిప్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, జిప్ గట్టిగా మూయండి. సంచిని ఇంట్లో చల్లటి మూల పెట్టండి: గరాజ్ తలుపు దగ్గరో, బూట్లు విప్పే చోటో. హీటర్ గాలి వచ్చే రంధ్రం మీద వద్దు. చెమ్మంతా సంచి పైన పడుతుంది, కెమెరా పొడిగా ఉంటుంది. చిన్న కెమెరాకి గంటన్నర, పెద్ద టెలిఫోటో లెన్సుకి మూడు గంటలు. సంచి బయటివైపు పూర్తిగా ఆరి, తాకితే గది వేడిమిలోనే ఉందనిపించాక విప్పండి. ఫోటోలు చూడాలన్న తొందర కార్డుతో తీరిపోతుంది, అందుకే దాన్ని ముందే తీయమన్నది.

అప్పటికే చెమర్చిందంటే తుడవకండి, లెన్సు విప్పకండి, బయటికి తీసుకెళ్లనే వెళ్లకండి. బయట ఆ తడి గడ్డకట్టి షట్టరునో అపర్చర్ రేకులనో పట్టేస్తుంది. స్విచాఫ్ చేసి వదిలేయండి, అదే ఆరుతుంది.

రోజంతా కారులో తిరుగుతూ ఆగి ఆగి తీసేటప్పుడు కెమెరాను డిక్కీలోనే ఉంచండి. అక్కడ చల్లగా ఉంటే చల్లగానే ఉంటుంది. ప్రతిసారీ ముందు సీట్లోకి తెచ్చి వేడి చేయడంతోనే చిక్కు.

చేతికి ఏం తొడుక్కోవాలి?

లోపల పల్చటి మెరినో ఊలు తొడుగు, దాని మీద వేళ్ల దగ్గర తెరుచుకునే మిటెన్. లావు గ్లవుజులతో డయల్ తిరగదు, ఒట్టి వేళ్లతో లోహం ముట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. హ్యాండ్ వార్మర్ పొట్లాలు వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: అందులో ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది. గాలాడని సంచిలో బ్యాటరీ పక్కన పెట్టి జిప్ మూస్తే ఆ పొట్లం చల్లారి రాయైపోతుంది.

లెన్సు మీద మంచు పడితే నోటితో ఊదకండి. ఊపిరి అద్దం మీదే గడ్డకడుతుంది. రబ్బరు బల్బు, మెత్తటి కుంచె చాలు.

పిల్లల్ని ఎంతసేపు బయట ఉంచి తీయవచ్చు?

థర్మామీటరు ఒక్కటే చూడకండి, గాలి కలిపిన విండ్ చిల్ చూడండి. నేషనల్ వెదర్ సర్వీస్ పట్టిక ప్రకారం 0 ఫారెన్‌హీట్ (మైనస్ 18), గంటకు 15 మైళ్ల గాలి ఉంటే విండ్ చిల్ మైనస్ 19 ఎఫ్. అందులో కప్పుకోని చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. పిల్లలకి పదేసి నిమిషాల విడతలు పెట్టుకోండి.

చలి కాటును పుస్తకాలు ఎర్రబడటం, తెల్లబడటంతో గుర్తుపట్టమంటాయి. మన పిల్లల చర్మం మీద ఎరుపు అంతగా కనబడదు. బూడిద పూసినట్టు, మైనం రాసినట్టు కనిపించినా, "చెవి తెలీట్లేదు నాన్నా" అన్నా వెంటనే లోపలికి తీసుకురండి. రుద్దకండి. గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, తిమ్మిరి వదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మంచి ఫోటోలు ఎక్కువగా మొదటి అయిదు నిమిషాల్లోనూ, ఇంట్లోకి వచ్చిన తరవాతి అయిదు నిమిషాల్లోనూ ఉంటాయి. టోపీ తీయగానే నిక్కబొడుచుకున్న జుట్టు, హీటర్ రంధ్రం మీద వరసగా ఆరబెట్టిన తడి మిటెన్లు, ఒక బూటు ఊడి రెండోది ఊడక గుమ్మంలో చతికిలబడ్డ పిల్లాడు. ఇవి తీయడానికి బయటి కెమెరా పనికిరాదు, అది సంచిలో ఉంటుంది. ఫోనో, రెండో కెమెరానో లోపలే సిద్ధంగా పెట్టుకోండి.

అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. మంచులో పట్టుచీరతో ఒక్క ఫోటో కావాలంటున్నారు. కుదురుతుందా?

కుదురుతుంది. రోజు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. సున్నా చుట్టూ ఉన్న రోజు వెచ్చగా అనిపిస్తుంది కానీ ఆ మంచు తడిమంచు, పట్టు మీద నీటి మరకలు పడతాయి. మైనస్ 5 నుంచి మైనస్ 8 (23 నుంచి 18 ఎఫ్), ఎండ, గాలి లేని రోజు చూడండి. అప్పుడు మంచు పిండిలా పొడిగా ఉండి, దులిపితే రాలిపోతుంది.

చీర కింద ఉన్ని లెగ్గింగ్, రెండు జతల సాక్సులు, మడమ దాటే బూట్లు. కుచ్చిళ్లు అంగుళం కిందికి కడితే బూట్లు కనబడవు. రవిక లోపల దాని రంగులోనే పొడుగు చేతుల థర్మల్. గాజుగాజులు ఉండనివ్వండి. లోహపు గాజులు, ముక్కుపుడక, బరువైన జుంకాలు మాత్రం చలిని నేరుగా చర్మానికి అందిస్తాయి, కాబట్టి చివరి నిమిషంలో పెట్టుకుని, రాగానే తీసేయాలి. నిలబడే చోట మంచు కింద నున్నటి గడ్డ ఉందేమో ముందే కాలితో తన్ని చూసి, ఇసుక చల్లండి. పెద్దవాళ్లు జారితే ఫోటో సంగతి దేవుడెరుగు.

వాళ్లు ఇంట్లో ఉండగానే, కోటేసుకున్న ఎవరో ఒకరిని అదే చోట నిలబెట్టి ఎక్స్‌పోజర్, ఫోకస్, ఫ్రేము అన్నీ తేల్చుకోండి. చీర రంగు కూడా మీటరును అటూ ఇటూ లాగుతుంది కాబట్టి మాన్యువల్‌లోనే ఉంచండి. 85 మిల్లీమీటర్ల లెన్సు, అపర్చర్ ఎఫ్ 4, షట్టరు సెకనులో 500వ వంతు సరిపోతుంది. తరవాత పెద్దల్ని శాలువాతో తీసుకొచ్చి, శాలువా తీసి, ముందు ఇద్దరినీ కలిపి నిలువెత్తు ఫోటో, ఆ తరవాత దగ్గరివి. మూడు నిమిషాలు, పది పన్నెండు ఫోటోలు, అంతే. గుండె జబ్బో, ఆయాసమో ఉన్నవాళ్లకి ఈ మూడు నిమిషాలు కూడా వద్దు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెనక మంచు కనబడేలా తీయండి. నిజానికి చాలాసార్లు ఆ ఫోటోయే బాగుంటుంది.

వెచ్చదనానికి కారు ఆన్‌లో పెట్టాలంటే బయటే, పొగగొట్టం మంచులో కూరుకోకుండా చూసి పెట్టండి. గరాజ్‌లో వద్దు, తలుపు తీసి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

సంక్రాంతికి మంచు మీద ముగ్గేస్తే కనబడుతుందా?

పిండితో వేస్తే తెలుపు మీద తెలుపు, ఏమీ కనబడదు. కెచప్ సీసాలాంటి పిండే సీసాలో నీళ్లు పోసి, ఫుడ్ కలర్ చిక్కగా కలిపి గీయండి. ముందు మంచును పీటతోనో స్లెడ్ అడుగుతోనో చదును చేసుకోవాలి, లేకపోతే గీత కిందికి దిగిపోయి వెడల్పవుతుంది. మైనస్ 10లో సీసా మూతి గడ్డకడుతుంది. రెండు సీసాలు పెట్టుకుని ఒకటి కోటు లోపల ఉంచండి. జనవరి మధ్యలో ఇక్కడ సాయంత్రం అయిదుకే పొద్దుగూకుతుంది. మూడున్నరకల్లా ముగ్గు పూర్తయితే ఏటవాలు ఎండలో రంగులూ, మంచు గరుకూ రెండూ పడతాయి. మెట్ల మీద నిలబడి పైనుంచి ఒకటి, నేలకు అడుగు ఎత్తులో వేసేవాళ్ల చేతులతో ఒకటి తీయండి.

పగలంతా ఆఫీసు, వచ్చేసరికి చీకటి. ఇంట్లో వెలుతురు ఎలా?

డిసెంబరు మూడో వారంలో మినియాపొలిస్‌లో పగలు 8 గంటల 46 నిమిషాలు. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 21, 22 డిగ్రీలకు మించి ఎక్కడు. దీన్ని లోటుగా చూడనక్కర్లేదు. ఎండ గదిలోకి సోఫా దాటి వంటింటి గోడ దాకా వస్తుంది, పెరట్లోని మంచు మీద పడ్డ వెలుగు ఎగసి పైకప్పుకు తగులుతుంది. శని, ఆదివారాల్లో పది నుంచి రెండు దాకా ఆ గదిలో లైట్లు ఆర్పేసి తీయండి. లైటు వెలిగితే ముఖం ఒకవైపు నీలం, ఒకవైపు పసుపు అవుతుంది. కూర్చున్న పిల్లలకి సెకనులో 125వ వంతు, తిరిగే పిల్లలకి 250వ వంతు. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే తీవ్రత) 3,200 దాకా వెళ్లినా ఈనాటి కెమెరాలకి లెక్కలేదు. వణికిన ఫోటో కంటే గరుకు ఫోటో నయం.

వేడి ఉప్మా మీద, ఫిల్టర్ కాఫీ మీద ఆవిరి కనబడాలంటే వెలుగు వెనకనుంచి రావాలి, దాని వెనక చీకటి ఉండాలి. కిటికీకి కాస్త పక్కగా గ్లాసు పెట్టి, వెనక ముదురు రంగు తలుపో కర్టెనో వచ్చేలా కూర్చోండి. తెల్లగోడ ముందు ఆవిరి మాయమైపోతుంది.

కురుస్తున్న మంచు ఫోటోలో పడట్లేదు.

వెనక ముదురు రంగు కావాలి: దేవదారు చెట్లు, ఎర్ర గరాజ్ తలుపు. చుక్కల్లా ఆగాలంటే సెకనులో 250వ వంతు లేదా ఇంకా వేగం, గీతల్లా సాగాలంటే 30 నుంచి 60వ వంతు. ఫ్లాష్ కొడితే లెన్సు ముందరి రేణువులు పెద్ద తెల్లటి బంతులవుతాయి. ఒకటి రెండు ఫోటోలకి బాగుంటుంది, అన్నిటికీ కాదు.

కిటికీలోంచి పక్షుల్ని తీయవచ్చా?

చక్కగా తీయవచ్చు. నల్లటి పొద్దుతిరుగుడు గింజలు వేస్తే చికడీ, కార్డినల్ పిట్టలు వస్తాయి. కొవ్వు ముద్ద వేలాడదీస్తే వడ్రంగిపిట్టలు. ఫీడరును కిటికీకి మూడడుగుల లోపు పెట్టండి, లేదా ముప్ఫై అడుగుల అవతల. మధ్యలో పెడితే వేగం పుంజుకుని అద్దానికి గుద్దుకుంటాయి. ఫీడరు పక్కన కర్రకి ఓ ఎండుకొమ్మ కట్టండి. పక్షి ముందు దాని మీద వాలుతుంది, ఫోటోలో ప్లాస్టిక్ గొట్టం కనబడదు. గదిలో లైట్లు ఆర్పి, లెన్సు మూతిని అద్దానికి ఆనించండి. చికడీ ఎగిరేటప్పుడు సెకనులో 2,000వ వంతు కావాలి. కిటికీ తెరవకండి, కారణం కింది సమాధానంలో ఉంది.

కారులోంచి గుడ్లగూబను తీశాం. లెన్సు ఖరీదైనదే, అయినా ఒక్కటీ పదునుగా లేదు.

దాదాపు ఎప్పుడూ దోషం లెన్సుది కాదు. కారులో 20 డిగ్రీలు, బయట మైనస్ 20. అద్దం దించగానే వెచ్చటి గాలి బయటికి పొంగుతుంది, అందులోంచి చూస్తే ఎండాకాలం రోడ్డు మీద ఎండమావిలా దృశ్యం కదులుతుంది. 400 మిల్లీమీటర్ల లెన్సులో అది ఫోకస్ తప్పినట్టే కనిపిస్తుంది. చేరుకోవడానికి ఇరవై నిమిషాల ముందే హీటర్ ఆపి, అద్దాలు దించి, కారును చల్లబరచండి. ఇంజన్ ఆపండి, బానెట్ మీదుగా తీయకండి. కోటేసుకుని డ్రైవ్ చేయాలి మరి, తప్పదు.

గుడ్లగూబల కోసం అందరూ వెళ్లేది సాక్స్ జిమ్ బాగ్ అనే చిత్తడి నేలకి. డులుత్‌కి వాయవ్యంగా సుమారు గంట ప్రయాణం, జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. గ్రేట్ గ్రే గుడ్లగూబ మంచు కింద తిరిగే ఎలుక చప్పుడు విని దూకుతుంది. అది తల తిప్పి నేలను చూస్తూ ఒకేచోట బిగుసుకుందంటే దూకబోతోందని అర్థం. సెకనులో 1,600వ వంతు, ప్లస్ 1, వరస షాట్లు సిద్ధం చేసుకోండి. అది మీ వైపే తదేకంగా చూస్తోందంటే మీరు మరీ దగ్గరికొచ్చారు. ఎలుకల్ని ఎర వేసి తీసే పద్ధతికి మేం పూర్తి వ్యతిరేకం. పక్షి రోడ్డుకి, కార్లకి అలవాటుపడి చచ్చిపోతుంది.

పిల్లలతో అంతదూరం వద్దనుకుంటే మాంటిసెలో ఊరికి వెళ్లండి. అక్కడి అణువిద్యుత్ కేంద్రం వదిలే వెచ్చటి నీళ్ల వల్ల మిసిసిపీ నది గడ్డకట్టదు. ట్రంపెటర్ హంసలు వెయ్యికి పైగా చేరతాయి. తెల్లటి పక్షి, తెల్లటి ఒడ్డు, నల్లటి నీళ్లు: మీటరు ఎటూ తేల్చుకోలేదు. హంస రెక్క మీద స్పాట్ పెట్టి ప్లస్ 1.5 ఇవ్వండి.

గడ్డకట్టిన చెరువు మీద నడిచి ఫోటో తీయవచ్చా?

కొత్తగా కట్టిన, స్వచ్ఛమైన గడ్డ కనీసం నాలుగంగుళాల మందం ఉంటేనే నడవమని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా, పాలలా ఉన్న గడ్డకి సగం బలమే, దానికి రెట్టింపు మందం కావాలి. వాగు కలిసే చోటా, వంతెన కిందా ఎప్పుడూ పల్చగా ఉంటుంది. కొలవకుండా పిల్లల్ని దించకండి.

సుపీరియర్ సరస్సు దగ్గర ఉదయం ఎక్కడికి వెళ్లాలి?

డులుత్ నుంచి ఈశాన్యంగా పోయే హైవే 61 మీద గూస్‌బెర్రీ జలపాతం, 1910లో వెలిగిన స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ ఉన్నాయి. ఆ ఒడ్డు ఆగ్నేయానికి ఎదురుగా ఉంటుంది, చలికాలంలో సూర్యుడూ ఆగ్నేయంలోనే లేస్తాడు. అంటే సూర్యోదయం నేరుగా నీళ్ల మీదే. మైనస్ 20కి దిగిన ఉదయం గడ్డకట్టని నీళ్ల మీంచి పొగలు లేస్తాయి. 200 మిల్లీమీటర్లతో, సూర్యుడు పొడిచిన మొదటి పది నిమిషాల్లో తీయండి. ఒడ్డు రాళ్ల మీద అల తుంపర గడ్డకట్టి అద్దంలా ఉంటుంది. బూట్లకి ముళ్ల పట్టీలు లేకుండా దిగకండి.

సూర్యుడికి అటూ ఇటూ రెండు చిన్న సూర్యుళ్లు కనబడ్డాయి. ఎలా తీయాలి?

మన పల్లెల్లో సూర్యుడికో చంద్రుడికో గుడి కట్టిందంటారే, ఆ కుటుంబమే ఇది. గాలిలో తేలే పలకల్లాంటి మంచు స్ఫటికాలు వెలుగును వంచడంతో సూర్యుడికి 22 డిగ్రీల దూరంలో రెండు మెరుపులొస్తాయి. చేయి చాచి జాన పెడితే దాదాపు అంత దూరం. రెండూ ఒకే ఫ్రేములో పడాలంటే 24 మిల్లీమీటర్ల లెన్సు హాయిగా సరిపోతుంది, ఫోను మామూలు కెమెరా కూడా చాలు. సూర్యుణ్ణి ఓ స్తంభం వెనకో, పిల్లవాడి తల వెనకో దాచి, మైనస్ 1 ఇవ్వండి.

మంచు రేకు విడిగా కనబడేలా తీయాలంటే?

మైనస్ 15 (5 ఎఫ్) చుట్టుపక్కల మేఘంలో ఆరు కొమ్మల నక్షత్రాలు పుడతాయి. మైనస్ 5 దగ్గర పుట్టేవి చాలావరకు సూదులు. కాబట్టి మరీ వెచ్చటి మంచులో వెతికి లాభం లేదు. నల్లటి ఊలు గుడ్డను అరగంట ముందే బయట పెట్టి చల్లారనివ్వండి. రేకు పడగానే టూత్‌పిక్ కొనతో నూలుపోగు మీదికి జరిపి, ఊపిరి బిగబట్టి, ఎఫ్ 8తో, పక్కనుంచి చిన్న ఫ్లాష్‌తో తీయండి. సాధారణ మాక్రో లెన్సులో మూడు మిల్లీమీటర్ల రేకు ఫ్రేము వెడల్పులో పన్నెండో వంతే వస్తుంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకీ కెమెరాకీ మధ్య తగిలించే గొట్టాలు) వేస్తే పెద్దదవుతుంది. ఫోకస్ ఇంచుమించుగా పెట్టి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదుపుతూ ఇరవై తీస్తే రెండు నిలుస్తాయి. వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికోలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885 జనవరి 15న మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి మొదటి రేకును తీశాడు. ఆ తరవాత అయిదు వేలకు పైగా తీశాడు. ఆయనకి ఫ్లాష్ లేదు, ఆటోఫోకస్ లేదు.

అరోరా (రాత్రి ఉత్తరపు ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు) కోసం వెళ్తున్నాం. సెట్టింగులు?

ఎఫ్ 2.8 లేదా ఇంకా తెరుచుకునే వెడల్పాటి లెన్సు, ఐఎస్ఓ 1,600 నుంచి 3,200, అయిదు నుంచి పదిహేను సెకన్లు. తెరలా వేగంగా కదులుతుంటే రెండు, నాలుగు సెకన్లకు దించండి, లేకపోతే పచ్చటి పేస్టులా కలిసిపోతుంది. ఒక నక్షత్రం మీద తెరను పెద్దది చేసి చేత్తో ఫోకస్ పెట్టండి. అరగంటయ్యాక మళ్లీ చూసుకోండి, లెన్సు చల్లబడితే ఫోకస్ జరుగుతుంది. లెన్సు చుట్టూ రబ్బరు బ్యాండుతో హ్యాండ్ వార్మర్ కడితే అద్దం మీద మంచు పూత పట్టదు.

చోటు విషయంలో చాలామంది పొరబడతారు. సుపీరియర్ సరస్సు ఒడ్డుకి నార్త్ షోర్ అని పేరున్నంత మాత్రాన అక్కణ్ణుంచి నీళ్ల మీద ఉత్తరం కనబడదు. పైన చెప్పినట్టు నీళ్లు ఆగ్నేయాన ఉంటాయి, అరోరా మీ వీపు వెనక కొండల మీద ఆడుతుంది. లోపలివైపు, ఉత్తరం బారుగా కనబడే చెరువు దక్షిణపు ఒడ్డు వెతుక్కోండి. కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే అంకె) 5 దాటితే డులుత్ పైన ఆశ పెట్టుకోవచ్చు. జంటనగరాల వెలుగులో అంతకంటే ఎక్కువ కావాలి.

ట్రైపాడ్ మంచులో ఎలా పెట్టాలి? కాలు విరిగింది.

లోతైన మంచులో కాళ్లు పూర్తిగా చాపి గుచ్చితే మంచు వాటిని ఇంకా బయటికి తోస్తుంది, పైన కీలు దగ్గర పగులుతుంది. కాళ్లు సగమే విప్పి గుచ్చండి, దిగుతూ అవే విచ్చుకుంటాయి. అల్యూమినియమైతే పై భాగానికి నీళ్ల పైపులకి చుట్టే ఫోమ్ గొట్టం తొడిగి టేపు వేయండి, చేతికి చలి తగలదు. కాలిబాట మీద చల్లిన ఉప్పు తగిలిన రోజు కాళ్లన్నీ పూర్తిగా బయటికి లాగి, స్నానాల తొట్టిలో గోరువెచ్చటి నీళ్లతో కడిగి, అలాగే తెరిచి ఆరబెట్టండి. మూసి పెడితే లోపలి తడితో మర్నాడు బయట మెలికలన్నీ గడ్డకట్టి ఒక్కటీ తిరగదు.